పట్నం చూసొచ్చిన నర్సమ్మ

నర్సమ్మది నల్లగొండ దగ్గర ఒక పల్లె. కూలి పనికి పోతుంది. చిన్నప్పుడు ఆమెను బడికి పంపలేదు. నిరుడు రాత్రి బడిలో చేరింది. ఏడాది తిరిగేసరికి చదవడం, రాయడం వచ్చింది.

ఒక రాత్రి బడిలో పాత పేపరు దొరికింది. నర్సమ్మ కూడబలుక్కుని చదివింది. అందులో హైదరాబాదులో చూడవలసిన చోట్ల గురించి రాశారు. సాలార్‌జంగ్ మ్యూజియం గురించి ఉంది. చార్మినార్ గురించి ఉంది. వరదలో నూట యాభై మందిని కాపాడిన చింతచెట్టు గురించి కూడా ఉంది. నర్సమ్మ ఆ సంగతులన్నీ నోటుబుక్కులో రాసుకుంది.

ఇంటికి వచ్చి భర్త సాయిలుతో చెప్పింది.

“సరితకు సెలవులొచ్చినయ్. అందరం ఒకసారి పట్నం చూసొద్దాం.”

“సరే, శుక్రవారం పోదాం. ఆ రోజు నాకు పని లేదు” అన్నాడు సాయిలు.

“శుక్రవారం మ్యూజియానికి సెలవట. నాలుగేండ్ల కింద పోతే తలుపులు మూసి ఉండె. యాదికి లేదా?”

“నీకెవరు చెప్పిండ్రు?”

“ఎవరూ చెప్పలే. నేనే చదివిన.”

సాయిలు ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత “అట్లయితే ఆదివారం పోదాం” అన్నాడు.

అత్త ఎల్లమ్మ నవ్వింది. “చింతచెట్టు చూసేటందుకు పట్నం పోవాల్నా? మన చెరువు కట్ట మీద నాలుగు చెట్లున్నయ్ గదనే!” అంది.

బస్సు ప్రయాణం

ఆదివారం తెల్లవారుజామున లేచారు. సద్ది కట్టుకున్నారు. మంచినీళ్ల సీసాలు పెట్టుకున్నారు. ఆధార్ కార్డులు కూడా తీసుకున్నారు. తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు అది వర్తిస్తుంది. కండక్టరు ముగ్గురు ఆడవాళ్లకు జీరో టికెట్ ఇచ్చాడు. సాయిలు మాత్రం డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాడు.

బస్సు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో ఆగింది. పట్నంవాళ్లు దాన్ని ఇమ్లీబన్ అని కూడా అంటారు. ఉర్దూలో ఇమ్లీ అంటే చింత. బన్ అంటే తోపు.

“చూసినవా అత్తమ్మా, దిగంగనే చింత పేరు” అంది నర్సమ్మ.

నల్లగొండ బస్సులు ఎక్కడ ఆగుతాయో బోర్డు చూసింది. ప్లాట్‌ఫారం నంబరు నోటుబుక్కులో రాసుకుంది.

మ్యూజియంలో

సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ ఒడ్డునే ఉంది. టికెట్లు తీసుకున్నారు. సంచి కౌంటరులో ఇచ్చారు. టోకెను సాయిలు జేబులో పెట్టుకున్నాడు.

లోపల గది తర్వాత గది. దంతం బొమ్మలు, కత్తులు, పింగాణీ పాత్రలు, పాత పుస్తకాలు, గడియారాలు ఉన్నాయి.

“ఇవన్నీ ఎవరివే?” అని అడిగింది ఎల్లమ్మ.

నర్సమ్మ నోటుబుక్కు తీసి చదివింది. “మూడో సాలార్‌జంగ్ పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. నిజాం దగ్గర దివానుగా చేసిండు. తాత, తండ్రి కూడా దివాన్లే. వాళ్లు కొన్నవీ, ఈయన కొన్నవీ అన్నీ ఇక్కడున్నయ్. ఈయన పెండ్లి చేసుకోలే. 1949లో చనిపోయిండు. 1951లో ఈ వస్తువులన్నీ జనం చూసేటందుకు మ్యూజియం పెట్టిండ్రు. 1968లో ఈ కొత్త భవనానికి మార్చిండ్రు.”

ఒక గదిలో తెల్లని పాలరాతి బొమ్మ ఉంది. ముసుగు వేసుకున్న పెండ్లికూతురు. పేరు రెబెక్కా. ముసుగు కూడా రాయే. కానీ పలుచని తడి బట్టలాగా కనిపిస్తుంది. లోపల ముఖం కూడా కనిపిస్తుంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ దేశం పోయినప్పుడు దాన్ని కొన్నాడు.

“రాయిని బట్ట చేసిండు! ఎవరు చెక్కిండ్రు బిడ్డా?” అంది ఎల్లమ్మ.

“బెంజోని అనే ఆయన, నాయినమ్మా. ఇక్కడ రాసి ఉంది” అంది సరిత.

పన్నెండు కావస్తోంది. అందరూ పెద్ద గడియారం ముందు చేరారు. అందులో ఒక కమ్మరి బొమ్మ ఉంది. సుత్తితో టకటకా కొడుతూనే ఉంది. ఇంతలో చిన్న తలుపు తెరుచుకుంది. గడ్డం ఉన్న బొమ్మ బయటికి వచ్చింది. పన్నెండు గంటలు కొట్టింది. మళ్లీ లోపలికి పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎల్లమ్మ కూడా కొట్టింది.

చార్మినార్ దగ్గర

బయటికి వచ్చి సద్ది తిన్నారు. ఆటోలో చార్మినార్ దగ్గరికి పోయారు. చార్ అంటే నాలుగు. నాలుగు మినార్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. గోల్కొండ రాజు మహమ్మద్ కులీ కుతుబ్ షా దీన్ని 1591లో కట్టించాడు. హైదరాబాదు నగరం పుట్టింది కూడా అప్పుడే.

ఎల్లమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కలేదు. కింద నుంచే చూసింది. పక్కనే లాడ్ బజారు ఉంది. అక్కడ లక్క గాజులు అమ్ముతారు. సరిత రెండు జతలు కొనుక్కుంది. ఒక జత నాయినమ్మకు వేసింది.

చింతచెట్టు కింద

“ఇగ నీ చింతచెట్టు చూపెట్టు” అన్నాడు సాయిలు.

వంతెన దాటి మూసీ అవతలి ఒడ్డుకు వచ్చారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోకి పోయారు. అక్కడ ముసలి చింతచెట్టు ఉంది. నర్సమ్మ చెట్టు కింద నిలబడి చెప్పింది.

“1908 సెప్టెంబరు 28. మూసీకి పెద్ద వరద వచ్చింది. ఇండ్లు కూలినయ్. వంతెనలు మునిగినయ్. వేల మంది చనిపోయిండ్రు. నూట యాభై మంది ఈ చెట్టెక్కి కొమ్మలు పట్టుకొని కూసున్నరు. రెండు రోజులు తిండి లేదు. నీళ్లు తీసినంక దిగి బతికిండ్రు.”

ఎల్లమ్మ నవ్వలేదు. మెల్లగా చెట్టు మొదలు తడిమింది.

“అంత నీళ్లు మళ్లా వస్తే ఎట్లా?” అని అడిగింది సరిత.

“వరద తర్వాత విశ్వేశ్వరయ్య అనే ఇంజనీరును పిలిపించిండ్రు. నీళ్లను పైననే ఆపాలని ఆయన చెప్పిండు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ కట్టిండ్రు. అది 1920లో పూర్తయింది. ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ కట్టిండ్రు. అది 1927లో పూర్తయింది. పట్నానికి తాగే నీళ్లు కూడా వచ్చినయ్” అంది నర్సమ్మ.

“ఈ చెట్టెక్కినోళ్ల పేర్లు రాసిండ్రా?” అని అడిగింది ఎల్లమ్మ.

“నేను చదివిన పేపర్ల లేవు అత్తమ్మా. ఆ వరదల అమ్జద్ హైదరాబాదీ అనే కవి తల్లి, భార్య, బిడ్డ కొట్టుకపోయిండ్రు. ఆయన ఒక్కడే బతికిండు. ఆ దుఃఖం మీద ఉర్దూల కవిత రాసిండు. రాసిండు కాబట్టి ఇన్నేండ్ల తర్వాత మనకు తెలిసింది.”

ఎల్లమ్మ ఇంకేమీ అడగలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు

బస్సులో సాయిలు, సరిత నిద్రపోయారు. ఎల్లమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. కొంతసేపటికి మెల్లగా అంది.

“నర్సమ్మా, సాయిలు కన్నా ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. పేరు మల్లమ్మ. ఏడాదిన్నర బతికింది. తట్టు పోసి పోయింది. దాని పేరు ఏ కాయితం మీదా లేదు. మీ మామ పోయిండు. ఇప్పుడు దాని పేరు నాకొక్కదానికే యాదికున్నది.”

ఇన్నేండ్లలో ఆ మాట ఇంట్లో ఎవరూ వినలేదు. నర్సమ్మ అత్త చెయ్యి పట్టుకుంది.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. నర్సమ్మ దీపం కింద కూర్చొని నోటుబుక్కులో కొత్త పేజీ తీసింది. పైన “మా ఇంటి పేర్లు” అని రాసింది. అత్తను అడిగి ముత్తాతల పేర్లు రాసింది. మామ పేరు రాసింది. ఎల్లమ్మ పేరు రాసింది. సాయిలు పేరు పైన “మల్లమ్మ” అని రాసింది.

“ఏది, చూపెట్టు” అంది ఎల్లమ్మ.

నర్సమ్మ చూపెట్టింది. ఎల్లమ్మ ఆ పేరు మీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

“మొదటి అక్షరం ఏంది?” అని అడిగింది.

“మ, అత్తమ్మా.”

“మ ఎట్లా రాస్తరు? నాకు చూపెట్టు” అంది ఎల్లమ్మ.

నర్సమ్మ పలక తెచ్చింది.

తెలుసుకుందాం

ఇంట్లో బిడ్డ పుడితే 21 రోజుల లోపల నమోదు చేయించాలి. ఎవరైనా చనిపోయినా అంతే. పల్లెలో గ్రామ పంచాయతీలో చెప్పాలి. పట్నంలో మున్సిపాలిటీలో చెప్పాలి. ఇది 1969 నాటి చట్టం. ఆడపిల్లయినా, మగపిల్లవాడయినా నమోదు చేయించాలి. పుట్టి కొన్నాళ్లకే పోయిన బిడ్డ పుట్టుకనూ, చావునూ రెండింటినీ రాయించాలి. పుట్టిన సర్టిఫికెట్ బడిలో చేర్చేటప్పుడు కావాలి. కాయితం తీసుకోగానే పేరు, తేదీ సరిగా ఉన్నాయో లేదో మీరే చదివి చూసుకోండి.

తట్టు రాకుండా పిల్లలకు టీకా ఉంది. తొమ్మిది నెలలు నిండాక మొదటిసారి వేస్తారు. 16 నుంచి 24 నెలల మధ్య రెండోసారి వేస్తారు. సర్కారు ఆస్పత్రిలో డబ్బులు తీసుకోరు.

చెప్పండి

1. శుక్రవారం పట్నం పోవద్దని నర్సమ్మ ఎందుకు అంది?
2. మూసీకి పెద్ద వరద ఏ సంవత్సరం వచ్చింది?
3. వరద తర్వాత ఏ రెండు చెరువులు కట్టారు?
4. చెట్టెక్కినవాళ్ల పేర్లు రాశారా అని ఎల్లమ్మ ఎందుకు అడిగింది?

రాయండి

మీ నోటుబుక్కులో “మా ఇంటి పేర్లు” అని ఒక పేజీ రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మీ అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, నాయినమ్మ పేరు మరిచిపోకండి. మీ పేరు కూడా రాయండి.