ఒకే ఇంట రెండు సంఘాలు: మిశ్రమ వివాహంలో విశ్వాస జీవితం



ఒక ఆదివారం పూజ ముగిసిన తర్వాత ఒక యువ జంట మూడు నెలల పాపను ఎత్తుకొని నా గదికి వచ్చారు. ఆమె మన విచారణ బిడ్డ. అతను లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగినవాడు. రెండేళ్ళ క్రితం మేత్రాణులవారి అనుమతితో మన గుడిలోనే వారి వివాహం జరిగింది.

"ఫాదర్ గారూ, పాపకు బారసాల చేసి పేరు పెట్టాం. జ్ఞానస్నానం దగ్గర ఆగిపోయాం" అంది ఆమె.

అతను కొంచెం తటపటాయించి అసలు సంగతి చెప్పాడు. "మా నాన్నగారు మా సంఘంలో పెద్ద. పెళ్ళిరోజున నేను కాగితం మీద సంతకం పెట్టి, పుట్టబోయే మనవలను ముందుగానే ఆర్.సి.ఎం. వాళ్ళకు రాసిచ్చేశానని ఆయన ఇప్పటికీ బాధపడుతున్నారండి. ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఇదే మాట."

"ఇంకొకటి కూడా ఉంది ఫాదర్" అంది ఆమె. "నేను సత్ప్రసాదానికి వెళ్తే ఆయన ఒక్కరే బల్లమీద కూర్చుండిపోతారు. వాళ్ళ గుడికి వెళ్తే నేను కూర్చుండిపోతాను. రేపు పాప పెద్దదై ఎందుకమ్మా అని అడిగితే ఏం చెప్పాలి?"

ఇవి ఆ ఒక్క ఇంటి ప్రశ్నలు కావు. గుంటూరు ప్రాంతంలో 1842లో హేయర్ దొరగారు వచ్చిన నాటినుండి లూథరన్ సంఘం ఉంది. గుంటూరు కతోలిక మేత్రాసనం 1940లో ఏర్పడింది. ఒకే వీధిలో రెండు గుడుల గంటలూ వినబడే ఊళ్ళలో పిల్లలు కలిసి చదువుకుంటారు, కలిసి ఉద్యోగాలు చేస్తారు, పెళ్ళి చేసుకుంటారు. అందుచేత ఈ వారం మన పాఠంగా ఆ ప్రశ్నలనే తీసుకుందాం.

కలిపి ఉంచేది ఏమిటి?

చాలామంది తేడాలతో మొదలుపెడతారు. పునాది చూడకుండా గోడల్లోని పగుళ్ళు లెక్కపెట్టడం వంటిది అది. ముందు పునాది చూద్దాం.

ఆ భార్యాభర్తలిద్దరూ ఒకే దేవుని నమ్ముతున్నారు. పిత, పుత్ర, పవిత్రాత్మ అనే త్రిత్వాన్ని నమ్ముతున్నారు. యేసుక్రీస్తు నిజ దేవుడనీ, నిజ మానవుడనీ, కన్య మరియమ్మ గర్భాన జన్మించాడనీ, మన రక్షణకై సిలువపై మరణించి మూడవనాడు లేచాడనీ, తిరిగి వస్తాడనీ నమ్ముతున్నారు. మనం విశ్వాస సంగ్రహమంటాం, వారు విశ్వాస ప్రమాణమంటారు. మాట వేరు, చెప్పేది ఒకటే. 325లో నీకేయ మహాసభలోనూ, 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభలోనూ రూపుదిద్దుకున్న విశ్వాస ప్రకటన మనకూ వారికీ ఉమ్మడి ఆస్తి.

రెండవది, జ్ఞానస్నానం. వారు బాప్తిస్మమంటారు. నీటితో, త్రిత్వ నామమున సక్రమంగా ఇచ్చిన జ్ఞానస్నానం ఏ సంఘంలో ఇచ్చినా మన శ్రీసభ దానిని అంగీకరిస్తుంది. లూథరన్ సంఘంనుండి ఎవరైనా కతోలిక శ్రీసభలోకి వస్తే వారికి మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వం. అది ఒక్కసారే. ఈ జ్ఞానస్నానం వలన వారు క్రీస్తులో చేర్చబడ్డారనీ, ఇంకా సంపూర్ణం కాకపోయినా మనతో నిజమైన బంధం కలవారనీ, వారిని సోదరులుగా గౌరవించాలనీ ద్వితీయ వాటికన్ మహాసభ 1964లో క్రైస్తవ ఐక్యతను గూర్చిన శాసనంలో బోధించింది.

మూడవది చాలామందికి తెలియదు. జ్ఞానస్నానం పొందిన ఇద్దరి మధ్య సక్రమంగా జరిగిన వివాహం దివ్యసంస్కారమే. లూథరన్ సంఘం వివాహాన్ని సంస్కారాలలో లెక్కించదు. అయినా ఈ జంట వివాహం సంస్కారమేనని మన శ్రీసభ నమ్ముతుంది. కాబట్టి "వాళ్ళది సగం పెళ్ళి" అని ఎవరైనా అంటే అది అజ్ఞానం.

తేడాలను దాచవద్దు

పునాది ఒకటే కదా, ఇక ఏ గుడికి వెళ్తే ఏమిటి అనడం కూడా సరికాదు. తేడాలు నిజమైనవి. వాటిని దాచి కాపురం చేస్తే, చంటిబిడ్డ పుట్టిన రోజునో, ఇంట్లో పెద్దలు కన్నుమూసిన రోజునో అవి ఒక్కసారిగా బయటపడతాయి. కొన్నిటిని చూద్దాం.

పవిత్ర గ్రంథం: మన బైబులులో 73 గ్రంథాలు, వారి బైబిలులో 66. తోబితు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు, ఈ ఏడు వారి పాత నిబంధనలో లేవు. ఎస్తేరు, దానియేలు గ్రంథాలలో కొన్ని భాగాలు కూడా లేవు. అయితే మార్టిన్ లూథరు 1534లో అచ్చువేయించిన జర్మను బైబిలులో వీటిని పూర్తిగా తీసివేయలేదు. లేఖనాలతో సమానం కావు గాని చదవదగినవని చెప్పి, రెండు నిబంధనల మధ్య వేరుగా ఉంచాడు.

దివ్యసంస్కారాలు: మనకు ఏడు. వారు ముఖ్యంగా రెండింటినే, బాప్తిస్మాన్నీ ప్రభు భోజనాన్నీ, సంస్కారాలుగా చెబుతారు.

దివ్యసత్ప్రసాదం: అప్పద్రాక్షరసాలు క్రీస్తు శరీర రక్తాలుగా మారిపోతాయని మన విశ్వాసం. లూథరన్లు కూడా క్రీస్తు అక్కడ నిజంగా ఉన్నాడనే నమ్ముతారు. కాని అప్పం అప్పంగానే ఉండగా, దానిలో, దానితో, దాని కింద ప్రభువు శరీరం ఇవ్వబడుతుందని వారి బోధ. ఇతర సంఘాలు కొన్ని దానిని జ్ఞాపకార్థపు విందుగా మాత్రమే చూస్తాయి.

గురుత్వం, పోపుగారి అధికారం: అపోస్తలుల నుండి పీఠాధిపతుల ద్వారా తెగకుండా వచ్చిన యాజకాభిషేకం మనకు ముఖ్యం. పేతురుగారి వారసునిగా పోపుగారి అధికారాన్ని వారు అంగీకరించరు.

మరియమాత, పునీతులు: "మీరు మరియమ్మను పూజిస్తారట కదా" అని అత్తగారింట కోడలిని అడుగుతారు. ఆరాధన దేవునికొక్కనికే. మరియమాతకు మనం ఇచ్చేది గౌరవం, ఆమెను అడిగేది మనకోసం ప్రార్థించమని. 1854లో ప్రకటించిన నిష్కళంకోద్భవం, 1950లో ప్రకటించిన మోక్షారోపణం వంటి సిద్ధాంతాలను వారు విశ్వాస సత్యాలుగా అంగీకరించరు. అయినా మరియమాత స్తుతిగీతంపై లూథరే 1521లో వ్యాఖ్యానం రాశాడని తెలిస్తే ఇద్దరి స్వరమూ కొంచెం తగ్గుతుంది.

ఇక రక్షణ విషయం. కృప వలననా, క్రియల వలననా అన్నదే 16వ శతాబ్దపు పెద్ద తగవు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక శ్రీసభ, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన పుణ్యాన్నిబట్టి కాక, క్రీస్తునందలి విశ్వాసం ద్వారా, కృప వలననే దేవుడు మనలను అంగీకరిస్తాడనీ, ఆ కృపే మనలను సత్క్రియలకు సిద్ధపరుస్తుందనీ రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలు. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాల ప్రపంచ కూటమి కూడా ఆ ప్రకటనతో ఏకీభవించారు. కాబట్టి "మీరు క్రియలతో మోక్షం కొనుక్కుంటారు" అని వారూ, "మీరు నమ్మితే చాలు, ఎలా బ్రతికినా పరవాలేదంటారు" అని మనమూ అనుకోవడం ఇక మానాలి.

ఒక హెచ్చరిక. ప్రొటెస్టెంట్లందరినీ ఒకే గాట కట్టకూడదు. లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘంవారు పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తారు. బాప్టిస్టులు, పెంతెకోస్తువారు తెలివి వచ్చి నమ్మినవారికే, నీట ముంచి ఇస్తారు. అటువంటి కుటుంబంతో సంబంధం కలుపుకొనేవారు ఈ విషయం పెళ్ళికి ముందే మాట్లాడుకోవాలి.

ఆ సంతకం దేనికి?

ఇప్పుడు ఆ తాతగారి బాధ దగ్గరకు వద్దాం. ఆ బాధకు చరిత్ర ఉంది. 1917 నాటి శ్రీసభ చట్టం ప్రకారం, బిడ్డలందరినీ కతోలికులుగానే పెంచుతామని వధూవరులు ఇద్దరూ మాట ఇవ్వవలసి ఉండేది. ఆరవ పౌలు పోపుగారు 1970లో ఆ పద్ధతి మార్చారు. 1983 చట్టం అదే మార్పును స్థిరపరచింది.

దాని 1125వ కానన్ మూడు విషయాలు కోరుతుంది. ఒకటి, కతోలిక వ్యక్తి తన విశ్వాసంలో నిలిచి ఉంటాననీ, బిడ్డలకు కతోలిక శ్రీసభలో జ్ఞానస్నానం ఇప్పించి పెంచడానికి శాయశక్తులా కృషి చేస్తాననీ మాట ఇవ్వాలి. రెండు, ఆ మాట సంగతి రెండవ వ్యక్తికి స్పష్టంగా తెలియజేయాలి. మూడు, వివాహం అంటే ఏమిటో ఇద్దరికీ బోధించాలి.

నేను బీరువాలోనుంచి వారి వివాహ పత్రాలు తీసి అతనికి చూపాను. మాట ఇచ్చింది ఆమె. అతని సంతకం ఆ సంగతి తనకు తెలిపారని చెప్పడానికే. అతను రెండుసార్లు చదువుకున్నాడు. "అయితే నేను ఎవరినీ రాసివ్వలేదన్నమాట" అన్నాడు.

"లేదు బాబూ. నీ మనస్సాక్షిని శ్రీసభ కొనలేదు" అన్నాను. "కాని నీ భార్య మాట ఇచ్చింది. ఆ మాటను నువ్వు గౌరవించాలి. అలాగే తండ్రిగా నీకూ బాధ్యత ఉందని ఆమె గుర్తించాలి. శాయశక్తులా అంటే కాపురం కూలిపోయినా పరవాలేదని అర్థం కాదు." కతోలిక వ్యక్తి నిజంగా ప్రయత్నించి కూడా ఆ పని చేయలేకపోతే, అందుకు శ్రీసభ చట్టం శిక్ష విధించదని 1993లో వెలువడిన క్రైస్తవ ఐక్యతా మార్గదర్శక గ్రంథం స్పష్టం చేసింది. పెళ్ళికి ముందు ఈ సంగతులు వివరించి చెప్పవలసినది మా గురువులమే. తొందరలో సంతకాలు పెట్టించి పంపేస్తే, ఆ లోటు రెండు కుటుంబాల మధ్య గోడ అవుతుంది. ఈ జంట విషయంలో ఆ తప్పు కొంత నాది కూడా.

బల్లమీద ఒంటరిగా

ఆమె అడిగిన ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది. 2015 నవంబరు 15న నాటి పోపు ఫ్రాన్సిస్ రోమునగరంలోని లూథరన్ దేవాలయాన్ని సందర్శించినప్పుడు, కతోలికుని పెళ్ళాడిన ఒక లూథరన్ స్త్రీ ఇదే ప్రశ్న అడిగింది. దీనికి అనుమతినిచ్చే సాహసం తాను చేయననీ, మనకు జ్ఞానస్నానం ఒకటే, ప్రభువు ఒక్కడేననీ, ప్రభువుతో మాట్లాడి ముందుకు సాగమనీ ఆయన జవాబిచ్చారు.

సత్ప్రసాదం పంచుకోవడమంటే ఒకే విశ్వాసంలో, ఒకే శ్రీసభలో ఉన్నామని ప్రకటించడం. ఆ ఐక్యత ఇంకా సంపూర్ణం కాలేదు గనుకనే బల్ల వేరుగా ఉంది. మరణాపాయం వంటి తీవ్రమైన అవసరంలో, తన సంఘపు కాపరి అందుబాటులో లేనప్పుడు, తానై కోరుకొని, ఈ సంస్కారాన్ని గూర్చి మన విశ్వాసాన్నే ప్రకటించి, తగిన సిద్ధపాటుతో ఉన్న క్రైస్తవునికి ఇవ్వడానికి 844వ కానన్ వీలు కల్పిస్తుంది. మిశ్రమ వివాహం చేసుకున్నవారి విషయంలోనూ ఇది అరుదుగానే జరగాలని మార్గదర్శక గ్రంథం చెబుతుంది.

కాబట్టి పాప అడిగిన రోజున నిజమే చెప్పండి. "మేమిద్దరం ఒకే యేసును ప్రేమిస్తున్నాం. మన సంఘాలు విడిపోయి అయిదు వందల ఏళ్ళయింది. ఆ గాయం ఇంకా మానలేదు. అది మానాలని మనం ప్రార్థిద్దాం" అని చెప్పండి. తన శిష్యులందరూ ఒకటిగా ఉండాలని ప్రభువు చేసిన ప్రార్థన (యోహాను 17) మీ ఇంట్లో అందరికంటే బాగా అర్థమవుతుంది.

ఇంట్లో ఆచరించదగినవి

రోజూ ఒక్క పూటైనా కలిసి ప్రార్థించండి. పరలోక జపం ఇద్దరికీ వచ్చు, దానితో మొదలుపెట్టండి.

పవిత్ర గ్రంథం ఒక అధ్యాయం కలిసి చదవండి. సువార్తలు ఇద్దరి బైబులులోనూ ఉన్నాయి.

జపమాల చెప్పేటప్పుడు అతనిని బలవంతపెట్టవద్దు. అతను స్వంత మాటలతో ప్రార్థించేటప్పుడు నవ్వవద్దు.

బిడ్డల ముందు ఎదుటివారి సంఘాన్ని, పాస్టరుగారిని, గురువును తక్కువచేసి మాట్లాడవద్దు.

ఏటా జనవరి 18 నుండి 25 వరకు జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారంలో రెండు కుటుంబాల పెద్దలనూ ఇంటికి పిలవండి.

పాప జ్ఞానస్నానం

వారిద్దరూ నెలరోజులు మాట్లాడుకున్నారు. అతను ఆ పత్రం నకలు తండ్రికి చూపించాడు. చివరకు పాపకు మన గుడిలో జ్ఞానస్నానం ఇప్పించాలని ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నారు. మన శ్రీసభకు చెందిన జ్ఞానతల్లి ఉంటే, ఆమెతోపాటు ఇతర సంఘపు క్రైస్తవులు సాక్షిగా నిలబడవచ్చు. అందుచేత అతని అక్కగారు సాక్షిగా నిలబడ్డారు.

తాతగారు వస్తారని ఎవరూ అనుకోలేదు. వచ్చారు, చివరి బల్లమీద కూర్చున్నారు. విశ్వాసాన్ని గూర్చి నేను ప్రశ్నలు అడిగినప్పుడు ముందున్నవారు "విశ్వసిస్తున్నాము" అన్నారు. వెనుకనుంచి ఒక పెద్ద గొంతు "నమ్ముచున్నాను" అంది. మూడు ప్రశ్నలకూ అదే జవాబు.

ఈ ఆదివారం కూడా ఆమె సత్ప్రసాదానికి ఒక్కతే వచ్చింది. అతను పాపను ఒడిలో పెట్టుకొని బల్లమీదే ఉన్నాడు. తిరిగి వెళ్ళి ఆమె అతని పక్కనే మోకరించింది. పాఠకులారా, మీ విచారణలోనూ ఇటువంటి బల్లలు ఉంటాయి. వారిని వేలెత్తి చూపక, వారికోసం ఒక పరలోక జపం చెప్పండి.