యుద్ధం ఆగిన నేల మీద జనం లెక్క రాసే ఉద్యోగం

కళింగ యుద్ధంలో ఎంతమంది చనిపోయారని అడిగితే హైస్కూలు పిల్లలు కూడా లక్ష అని చెబుతారు. అది అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో చెక్కించిన లెక్క. లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు, లక్ష మంది హతులయ్యారు, అంతకు ఎన్నో రెట్లు ఆ తరవాత పోయారు అని అందులో ఉంది. ఆ శాసనాన్ని మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో చూడొచ్చు. కళింగలో మాత్రం అది లేదు. ధౌళిలోనూ, గంజాం జిల్లా జౌగఢలోనూ మిగతా శాసనాలు చాలావరకు చెక్కించి, పదకొండు నుంచి పదమూడు దాకా ఉన్నవాటిని వదిలేశారు. దెబ్బ తిన్న జనం కళ్లెదుట ఆ అంకెలు పెట్టలేకపోయారనే నాకనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని శ్రీముఖలింగం ఆ కళింగ నేలే. తరవాతి కాలంలో ఇదే తూర్పు గాంగుల కళింగనగరం అని చరిత్రకారులు గుర్తించారు. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరి పిల్లలకు, చుట్టుపక్కల నరసన్నపేట, హిరమండలం, పాతపట్నం పిల్లలకు నేను పరిచయం చేయాలనుకుంటున్న వృత్తి, ఆ శాసనం చెప్పకుండా వదిలేసిన ప్రశ్నలకు జవాబు వెతికేది. తరలించిన లక్షన్నర మంది ఎక్కడికి వెళ్లారు? వాళ్లలో ఆడవాళ్లెందరు, పసివాళ్లెందరు? ఎవరు తిరిగొచ్చారు? ఊళ్లో మిగిలినవాళ్లలో నాగలి పట్టగలిగినవాళ్లెందరు? ఈ జవాబులు లేకుండా ఏ దేశమూ యుద్ధం తరవాత బడి కట్టలేదు, పింఛను ఇవ్వలేదు, ఓటరు జాబితా రాయలేదు. ఆ జవాబులు పట్టుకొచ్చేవాళ్లను జనాభా శాస్త్రవేత్తలంటారు, గణాంక నిపుణులంటారు. అయితే వాళ్ల పనిలో సగం కంప్యూటరు ముందు, సగం ఇళ్ల గుమ్మాల ముందు సాగుతుంది.

రంగం వెళ్లినవాళ్ల లెక్క

ఇది పరాయి దేశాల సంగతి అనుకోవద్దు. అప్పటి గంజాం, విశాఖ జిల్లాల పల్లెల నుంచి వేల కుటుంబాలు బతుకుతెరువుకు బర్మా వెళ్లాయి. మనవాళ్లు రంగం అని పిలిచిన రంగూన్ రేవులో సరుకు మోసిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. బర్మాలో వాళ్లను కోరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉన్నారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942లో లక్షలమంది కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన భారతదేశం వైపు వచ్చారు. దారిలో ఎంతమంది రాలిపోయారో కచ్చితమైన లెక్క ఈ రోజుకీ లేదు.

బర్మాలో 1941లోనూ జనాభా లెక్కలు జరిగాయి. కానీ ఆ కాగితాల్లో చాలా భాగం యుద్ధంలో నాశనమైంది. మొత్తం జనం ఎందరన్న తాత్కాలిక అంకె వంటివి కొన్నే మిగిలాయి. యుద్ధం ముగిసింది, 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వం కావాలనుకున్న భారతీయుడు, 1942 జనవరికి గానీ 1948 జనవరికి గానీ ముందున్న పదేళ్లలో కనీసం ఎనిమిదేళ్లు అక్కడ నివసించినట్టు చూపించాలన్నది నిబంధన. రేవులో బస్తాలు మోసి, బాంబులకు ఇల్లు వదిలి పారిపోయిన మనిషి ఆ ఎనిమిదేళ్లను ఏ కాగితంతో చూపిస్తాడు? ఒక గణన కాగితాలు పోతే ఒక తరం హక్కు ఎంత బలహీనపడుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. 1962లో సైన్యం అధికారం చేపట్టి, వ్యాపారాలను జాతీయం చేశాక, మిగిలినవాళ్లలోనూ చాలామంది కాందిశీకులుగా తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అలా నిలిచిపోయింది.

ఆ దేశంలో ఆ సమస్య ఇంకా తీరలేదు. 2014 గణనలో రఖైన్ రాష్ట్రంలో దాదాపు 11 లక్షల మందిని, రోహింగ్యాలమని చెప్పుకొనే వీలు లేకుండా చేసి, లెక్కించకుండానే వదిలేశారు. వాళ్ల సంఖ్యను అంచనాగా మాత్రమే చేర్చారు.

ఉప్పు చెప్పిన నిజం

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941 జనవరిలో అందులో చేరారు. ఆ తరవాత ప్రపంచం సి.ఆర్.రావుగా ఎరిగిన మనిషి ఆయనే. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు, అదే ఏడాది కన్నుమూశారు.

'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో ఆయన చెప్పిన ఒక సంగతి ఈ వృత్తిలోకి రాదలచిన ప్రతి విద్యార్థికీ తెలియాలి. 1947లో దేశ విభజన అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో వేలమంది తలదాచుకున్నారు. లోపల ఎందరున్నారో ప్రభుత్వానికి తెలియదు. తిండి సరఫరా చేసే కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం పెరిగిపోతున్నాయి. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. అప్పుడు గణాంక నిపుణులను పిలిచారు. జె.ఎం.సేన్‌గుప్తా అనే నిపుణుడు ఆ బిల్లులనే ముందు వేసుకున్నారు. కుటుంబ సర్వేల వల్ల ఒక మనిషి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో ముందే తెలుసు. కోటలోకి వెళ్లిన మొత్తాన్ని తలసరి వాడకంతో భాగిస్తే మూడు వేరు వేరు జనసంఖ్యలు వచ్చాయి. బియ్యం లెక్కన పెద్ద అంకె, ఉప్పు లెక్కన చిన్న అంకె. ఉప్పు చవక కాబట్టి దాన్ని ఎక్కువ చూపించి మిగుల్చుకునేది ఏమీ లేదు. అందుకే ఉప్పు లెక్కను నమ్మారు.

చూడండి, అందులో ఉన్న గణితం భాగహారం ఒక్కటే. అసలు పనితనం, ఏ అంకె అబద్ధం చెప్పడానికి కారణముందో కనిపెట్టడంలో ఉంది. ఈ రోజు ఉపగ్రహ చిత్రాల్లో ఇంటి కప్పులు లెక్కపెట్టి జనాభా అంచనా వేసేవాళ్లకూ ఆ చూపే కావాలి. 1979 తరవాత ఇంతవరకు జనగణన లేని అఫ్గానిస్తాన్‌లో ఉపగ్రహ చిత్రాలనూ నమూనా సర్వేలనూ కలిపి అలాగే అంచనాలు కట్టారు.

గుమ్మం ముందు పని

కంబోడియాలో 1962 తరవాత మళ్లీ పూర్తి గణన జరిగింది 1998లోనే. మధ్యలో అంతర్యుద్ధం, ఖ్మేర్ రూజ్ పాలకుల మారణకాండ. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అండతో 1998 మార్చిలో జరిగిన ఆ లెక్కలో జనాభా 1 కోటి 14 లక్షలని తేలింది. ఆ పనికి ముఖ్య సాంకేతిక సలహాదారుగా ఉన్న నిపుణుడి పేరు నోట్ రామారావు. వయసుల వారీగా పటం గీస్తే 1975-79 మధ్య పుట్టినవాళ్ల దగ్గర నొక్కేసినట్టు సన్నగా కనిపించింది. పెద్ద వయసుల్లో మగవాళ్లు తక్కువ, ఆడవాళ్లు ఎక్కువ. దాదాపు నాలుగో వంతు కుటుంబాలకు ఇంటి పెద్ద ఆడమనిషే. భూమి పట్టా ఎవరి పేరున ఇవ్వాలి, అప్పు ఎవరికివ్వాలి అన్న నిర్ణయాలు మొత్తం జనాభా అంకె మీద నడవవు. ఇలాంటి వివరం మీద నడుస్తాయి.

ఆ వివరం రావాలంటే ప్రశ్న సరిగ్గా అడగాలి. మీ ఊళ్లో ఒక ముసలమ్మను వయసెంత అని అడిగి చూడండి. అరవై అంటుంది, డెబ్బై అంటుంది. అరవై మూడు అనదు. అందుకే సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయసులు ఏ గణనలో చూసినా పోగుపడి ఉంటాయి. జనాభా శాస్త్రవేత్తలు దీనికి సంఘటనల పట్టిక తయారు చేసుకుంటారు. 1980లో వంశధారకు పెద్ద వరద వచ్చినప్పుడు నీ పెద్దకొడుకు చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా అని అడిగితే వయసు చాలావరకు తేలుతుంది. యుద్ధం నడిచిన చోట ఆ పట్టికలో ఊరు ఖాళీ చేసిన ఏడాది, వంతెన కూలిన ఏడాది ఉంటాయి. వైకల్యం సంగతీ అంతే. ఇంట్లో వికలాంగులున్నారా అని సూటిగా అడిగితే చాలామంది లేరంటారు. అందుకే వాషింగ్టన్ గ్రూపు అనే అంతర్జాతీయ బృందం ఆరు ప్రశ్నలు తయారు చేసింది. కళ్లజోడు పెట్టుకున్నా చూపు ఆనడం కష్టమా, మెట్లెక్కడం కష్టమా, ఇలా సాగుతాయి. మందుపాతర్లు కాళ్లు తీసేసిన దేశాల్లో ఎన్ని కృత్రిమ కాళ్లు కావాలో తెలిసేది ఇలాంటి ప్రశ్నలతోనే.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల దగ్గర సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కూర్చారు. ఎదుటివాళ్ల మాటలోనే వాళ్లను అడిగి రాసుకోవడంలో ఆయన చూపిన ఓపిక, ఇంటింటికీ వెళ్లి లెక్క రాసే ఎన్యూమరేటర్‌కు తప్పనిసరి. భాషా శాస్త్రం చదివినవాళ్లకు కూడా ఈ రంగంలో చోటుంది. ప్రశ్నావళిని స్థానిక భాషల్లోకి తెచ్చి, గ్రామాల్లో పరీక్షించి చూసే పని వాళ్లదే.

శ్రీకాకుళం పిల్లలకు ఇందులో ఒక బలం ఉందని నా నమ్మకం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్ల నష్టం ఎలా రాశారో, పేరు ఎక్కనివాళ్లు ఎలా తిరిగారో మీరు చూశారు. వంశధార జలాశయం నిర్వాసితుల జాబితా మాట హిరమండలం వైపు ప్రతి ఇంట్లో విన్నదే. వలస వెళ్లిన కుటుంబాన్ని ఏ ఊరి లెక్కలో రాయాలన్న చిక్కు మీ వీధిలోనే ఉంది. యుద్ధం తరవాతి దేశాల్లో గణన అధికారులు తల పట్టుకునేది సరిగ్గా ఈ చిక్కులతోనే.

ఏం చదవాలి, ఎక్కడ చేరాలి

ఒక సంగతి ముందే చెప్పాలి. ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ, చాలావరకు కాంట్రాక్టు పనులు. పీజీ, అనుభవం, మంచి ఇంగ్లిషుకు తోడు ఫ్రెంచో అరబిక్కో వస్తే మేలు. కాబట్టి నేరుగా దానికే గురి పెట్టమని ఎవరికీ చెప్పను. మన దేశపు గణాంక వ్యవస్థలో కొన్నేళ్లు పనిచేసి అటు వెళ్లడం దృఢమైన దారి.

ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ, ఐఐపీఎస్, 1956 నుంచి ఈ ఒక్క రంగానికే పనిచేస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల బాధ్యత దానిదే. అక్కడ జనాభా అధ్యయనాల్లో, బయోస్టాటిస్టిక్స్‌లో పీజీ కోర్సులున్నాయి. ఇంటికి దగ్గరగా అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ విభాగం, జనాభా పరిశోధన కేంద్రం ఉన్నాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయనాల విభాగం ఉంది. గణితంలో గట్టివాళ్లు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష రాయాలి.

ఉద్యోగాల్లో పై మెట్టు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ సీజీఎల్ పరీక్ష ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు, రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టులు వస్తాయి. మన జనాభా లెక్కలు నడిపేది ఆ కార్యాలయమే. రాష్ట్రంలో ఏపీపీఎస్సీ అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు భర్తీ చేస్తుంది. చిన్న ఉద్యోగమని ఈ చివరిదాన్ని తీసిపారేయకండి. మండలంలో పంట లెక్క, ధరల లెక్క, ఇంటింటి సర్వే అన్నీ చేతి మీదుగా వెళ్లే కుర్చీ అది.

నైపుణ్యాల కోసం డబ్బు పోయనక్కర్లేదు. సర్వే ఫారాలకు కోబో టూల్‌బాక్స్, గణన సమాచారానికి సీఎస్‌ప్రో, పటాలకు క్యూజీఐఎస్, విశ్లేషణకు ఆర్. అన్నీ ఉచితమే. ఐక్యరాజ్యసమితి మానవతా సమాచార వేదిక హెచ్‌డీఎక్స్‌లో యుద్ధ ప్రాంతాల సమాచారం ఎవరైనా దించుకోవచ్చు. హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బృందంతో ఇంటి దగ్గరే కూర్చుని, ఉపగ్రహ చిత్రాల మీద ఇళ్లూ దారులూ గుర్తించే పని చేయొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండితే ఐక్యరాజ్యసమితి వలంటీరుగా నమోదు కావచ్చు.

ఇక ఈ వృత్తిలో అన్నిటికంటే ముందు నేర్వాల్సింది గోప్యత. నెదర్లాండ్స్‌లో ఎంతో శ్రద్ధగా రాసిన జనాభా రిజిస్టరే 1940 తరవాత నాజీల చేతికి చిక్కి, యూదులను ఇల్లిల్లూ వెతికి పట్టుకోవడానికి పనికొచ్చింది. మీరు రాసిన మతం, జాతి, చిరునామా ఎవరి చేతికి వెళ్తాయో తెలియకుండా రాయకండి. అవసరం లేని ప్రశ్న అడగనని చెప్పగల ధైర్యం లేనివాళ్లు ఈ పనిలోకి రాకపోవడమే మంచిది.

మన దేశంలో 2011 తరవాత ఆగిన జనగణన, 2027 మార్చి 1 ప్రాతిపదికగా, తొలిసారి డిజిటల్ పద్ధతిలో జరుగుతోంది. ఎన్యూమరేటర్లలో ఎక్కువమంది టీచర్లే. మీ బడి మాస్టారిని అడిగి ఆ శిక్షణ పుస్తకం చదవండి. ఇంటి నిర్వచనం, కుటుంబ నిర్వచనం అందులో చూడండి. ఏ కోచింగ్ సెంటరులోనూ ఇంత సూటిగా చెప్పరు.

చివరిగా ఇంటర్ విద్యార్థులకు ఒక మాట. స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి, డిగ్రీలోనో పీజీలోనో స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టుకైతే డిగ్రీ మూడేళ్లూ ఆ సబ్జెక్టు ఉండాలి. కాబట్టి ఈ దారి ఎంచుకోవలసింది డిగ్రీ అయ్యాక కాదు, డిగ్రీలో సబ్జెక్టులు ఎంచుకునే రోజునే.