ముందు చక్రం ఊగుతుంటే...
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని మా పల్లెల్లో సామెత. ఎద్దుబండి ఆ సంగీతంతో ముందే హెచ్చరిస్తుంది. కారు అలా కాదు. దాని ముందు చక్రాల దగ్గర అరుగుదల చాలాకాలం నోరు విప్పదు. టైరు ఒక అంచున అరగటం, స్టీరింగు వదులుగా తగలటం – ఇవే గుర్తులు.

మా ఇంట్లో పాత అంబాసిడర్ వున్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గానీ, మా ఊళ్ళో అర్ధరాత్రి పురిటినొప్పులొచ్చినా, పాము కరిచినా బయలుదేరేది అదే. కిందటి వేసవిలో దాని ఎడమ టైరు లోపలి అంచు గుండైపోయింది. "టై రాడ్ ఎండ్లు పోయాయి" అన్నారు ఒక షాపులో. మిరపకాయల డబ్బులోంచి తీసి రెండూ మార్పించాం. కొద్ది వారాల్లోనే కొత్త టైరూ అదే దారి పట్టింది. "సైన్సు చదువుతున్నావుగదరా, నువ్వే చూడు" అన్నారు నాన్న, సగం వేళాకోళంగా.

మా ఊరి మేస్త్రీ సాయంతో చక్రాన్ని నేల నుంచి లేపి, కింద దుంగలు పెట్టాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎన్నడూ చెయ్యి పెట్టరాదు. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకొని కదిపితే ఊగులాట లేదు. అంటే టై రాడ్ల తప్పు కాదు. పైనా కిందా పట్టుకొని కదిపితే 'టక్ టక్'మన్నది. "బ్రేకు తొక్కు బాబూ" అన్నాడు మేస్త్రీ. బ్రేకు తొక్కినప్పుడు ఊగులాట పోతే దోషం బేరింగుది. పోకపోతే చక్రం మోసే నిలువు పిన్నుది. మాకు పోలేదు.

అంబాసిడర్‌కు మూలం బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మా పాత మోడల్లో ఆ పిన్ను కింది కొన మరలాగా వుండి, ట్రునియన్ అనే ముక్కలో తిరుగుతుంది. ముందుభాగం బరువులో ఆ పక్క వాటా అంతా ఆ మర పళ్ళ మీదే. గ్రీజు అందక పళ్ళు అరిగి వూడితే, నడుస్తున్న బండి చక్రం పక్కకు మడిచిపోతుంది. ఆ చక్రం మీదే మొన్నటిదాకా బాలింతల్ని తెచ్చామని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఇక బరువును ఆపేది స్ప్రింగు చుట్ట కాదు, పొడుగాటి టార్షన్ కడ్డీ. మన లాబొరేటరీలో టార్షనల్ పెండ్యులం తీగను మెలిపెడతాం గదా, సూత్రం అదే. వ్యాసార్ధం రెట్టింపయితే, అంతే మెలికకు కావలసిన టార్క్ పదహారు రెట్లు. లాబొరేటరీ తీగను వేళ్ళతో తిప్పుతాం. ఈ కడ్డీ కారునే మోస్తుంది. కనుక కింది చెయ్యికి జాకీ ఆనించకుండా నట్లు విప్పితే ఆ శక్తి అంతా ఒక్కసారిగా మనమీదికే వస్తుంది. మేస్త్రీ నా చేతిలోని స్పానర్ లాక్కున్నది అందుకే.

పిన్నూ ట్రునియన్లూ జతగానే మార్చాము. కొత్త మరకు పాత ముక్క వేస్తే రెండూ పాడే. ఎడమవి కుడికి పనికిరావు.

ఇంకొకటి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు వూడిందో లెక్కపెట్టి, కొత్తది అన్ని చుట్లే ఎక్కించాలి. అయినా ఆపైన టో-ఇన్ – అనగా రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం కన్నా ఎంత తక్కువో – కొలిపించక తప్పదు. ఆ షాపులో రెండూ చెయ్యలేదు. కొత్త టైరు అంత త్వరగా పోవటంలో దీని పాత్రా వున్నది.

పని ముగిశాక నాన్న చెరువుకట్ట దాకా నడిపి వచ్చి "చెయ్యి వదిలినా తిన్నగా పోతున్నదిరా" అన్నారు. ఇప్పుడు గ్రీజు గన్ను నెలకోసారి ఆయనే పడుతున్నారు. ఆ టై రాడ్ ఎండ్ల డబ్బు మాట మాత్రం ఇంకా ఎత్తుతూనే వున్నారు.