కొయ్యసామానుల సంరక్షణ

మా యింట మా తాతగారి కాలమునాటి టేకు భోషాణ మొకటి కలదు. అది నిండుగా ధాన్యమున్న ఏండ్లను చూచినది. అడుగంటిన కరవు ఏండ్లను చూచినది. ఒక వేసవిలో దాని మూతపై సన్నని బీట కనబడెను. నూనె పూసిన సరిపోవునని తలచి, వంటయింటి వేరుసెనగ నూనెతో దానిని రుద్దితిని. నాలుగు దినములకు మూతపై ఎఱ్ఱదుమ్ము పేరుకొనెను. ముట్టిన జిగట అంటెను. మా యూరి వడ్రంగి చూచి నవ్వి, “అయ్యవారూ, అది ఆరే నూనె కాదు” అనెను. బాలలారా! ఆ మాటలోని శాస్త్రమును మీరును తెలిసికొనవలెను.

అనంతపురము పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. తూర్పు సముద్రమునకును దూరము. ఇచట ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. వేసవిగాలి మిక్కిలి పొడిగా నుండును. కొయ్య, కోసిన పిదప కూడ, గాలిలోని తేమను పీల్చుచు విడుచుచు నుండును. తేమ విడిచినపుడు అది అడ్డముగా కుంచించుకొనును. నిలువున మార్పు మిక్కిలి స్వల్పము. అందుచేతనే బీటలు చారలవెంట ఏర్పడును. వేసవిలో వదులైన తలుపు వానకాలమున బిగియుటకు కారణ మిదియే.

నూనె కొయ్యకు ఆహారమని కొందరందురు. అది సరికాదు. తేమ రాకపోకలను నెమ్మదింపజేయుటయే దాని పని. ఇందుకు అవిసె నూనె తగినది. అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడి పొరయగును. వేరుసెనగ నూనె, ఆముదము అట్లు గట్టిపడక దుమ్మును పట్టుకొనును.

ముందుగా తడిపి గట్టిగా పిండిన గుడ్డతో మురికి తీసి, కొయ్యను బాగుగా ఆరనీయవలెను. గరుకైనచోట సన్నని ఉప్పుకాగితముతో చారలవెంట రుద్దవలెను. నూనెను పలుచగా పూసి, పావుగంట పిమ్మట పైన మిగిలినదంతయు తుడిచివేయవలెను. కొన్ని దినములు నీడలో ఆరిన తరువాత మఱియొక పూత వేయవచ్చును. కాళ్లక్రింద రాతిపలకలుంచి గోడకు ఎడమిచ్చినచో, చెదలు ఎక్కినను వెంటనే కనబడును.

ఒక్క విషయము మఱువరాదు. అవిసె నూనె గట్టిపడునపుడు వేడి పుట్టును. నూనెగుడ్డను ఉండచుట్టి మూల పడవేసినచో, ఆ వేడి వెలుపలికి పోలేక పెరిగి, నిప్పు తగులకయే గుడ్డ మండవచ్చును. ఇల్లు కాలుటకు అది చాలును. కావున అట్టి గుడ్డలను వెంటనే నీటిలో ముంచవలెను. లేదా ఆరుబయట ఒక్కొక్కటిగా పఱచి ఆరవేయవలెను. ఈ పనిని పెద్దల యెదుటనే చేయుడు.

మా భోషాణపు జిగటను సబ్బునీటి గుడ్డతో తీసి, అవిసె నూనె పూసితిని. పాత బీట పూడలేదు. కాని అది మఱి పెరుగలేదు. వాన కొఱతగల యీ నేలపై చెట్టు మానగుటకు ఎన్నో ఏండ్లు పట్టును. ఇంటనున్న కొయ్యను కాపాడుటయు ఒక చెట్టును కాపాడుటయే.

ప్రశ్నలు
1. వేరుసెనగ నూనె కొయ్యసామానులకు ఏల తగదు?
2. కొయ్యలో బీటలు చారలవెంట ఏర్పడుటకు కారణమేమి?
3. నూనెగుడ్డల విషయమున వహింపవలసిన జాగ్రత్తలను వ్రాయుము.