సున్నా వేసే ముందు

పెద్దల జ్ఞాపకశక్తిని పరీక్షించే సర్వేకి ఊళ్లకు వెళ్తున్నారా? అరుగు మీద కూర్చున్న ముసలమ్మ జవాబు చెప్పలేకపోగానే మతిమరుపని రాసెయ్యకండి. ఆ ప్రశ్న అడిగింది ఆమె జ్ఞాపకాన్నా, చదువునా అన్నది ముందు చూసుకోండి.

ప్రపంచమంతా వాడే 30 మార్కుల పరీక్ష ఒకటి 1975లో అమెరికాలో తయారైంది. అందులో ‘కళ్లు మూసుకోండి’ అని రాసి ఉన్నది చదివి అలా చెయ్యాలి, ఒక వాక్యం రాయాలి. బడి మొహం చూడని మనిషికి మతి ఎంత చురుగ్గా ఉన్నా అక్కడ మార్కులు పోతాయి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం తయారైన హిందీ పరీక్షలో దీన్ని సరిదిద్దారు. పరీక్షించేవారే కళ్లు మూసి చూపించి, నాలాగే చెయ్యమంటారు. రాయమనకుండా, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. మీ ఊరు ఏ పోస్టాఫీసు కిందకి వస్తుందని అడుగుతారు.

1931-32లో లూరియా అనే రష్యన్ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ రైతులను అడిగాడు: మంచు ఉండే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లవే, ఫలానా చోటు ఉత్తరానే ఉంది, మరి అక్కడి ఎలుగుబంట్లది ఏ రంగు? మేమక్కడికి వెళ్లలేదు, చూడనిది ఎలా చెప్తామన్నారు చాలామంది. నా దృష్టిలో అది తెలివితక్కువతనం కాదు, సాక్షికి ఉండాల్సిన జాగ్రత్త. అలాంటి జవాబు వస్తే కోడ్ నంబరుతో సరిపెట్టకుండా ఆ మాటలే రిమార్కుల్లో రాయండి. తేదీ అడిగితే ‘శ్రావణ శుద్ధ ఏకాదశి’ అన్నా అంతే.

వినికిడి, కళ్లద్దాలు ముందే చూసుకోండి. పక్కనుంచి కోడలు జవాబు అందిస్తుంటే, ‘అమ్మా, అత్తగారినే చెప్పనివ్వండి’ అని నెమ్మదిగా చెప్పండి.

భాషల గడిలో మాతృభాష ఒక్కటే రాసి వదిలెయ్యకండి. సంతలో, పనిలో ఏం మాట్లాడతారో కూడా అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు, అంతకుమించి మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది.

ప్రశ్న అర్థం కాలేదని సొంతంగా మాటలు మార్చి మాత్రం అడగవద్దు. సాయంత్రం సూపర్‌వైజరుకు రిమార్కులు చదివి వినిపించండి. ఒకే ప్రశ్న దగ్గర ఊరంతా తడబడుతుంటే పైలట్ దశలోనే మార్పించండి. సర్వే సగమయ్యాక మారిస్తే ముందు తిరిగిన ఊళ్లతో లెక్క కలవదు.