గీటురాయి నెన్నుకొనుట

బంగారపు మేలిమి తెలియవలెనన్న గీటురాయి కావలెను. రాయి మంచిది కానిచో పసిడియు నిత్తడియు నొక్కరీతిగనే కనబడును. కంప్యూటరుల వేగమును కొలుచుటకును ఇట్టి గీటురాళ్లు గలవు. వానిని బెంచిమార్కులందురు. ఒక నియమితకార్యమును యంత్రమునకిచ్చి, అది యెంతకాలములో ముగించునో చూచుటయే యీ పరీక్ష.

పూర్వము సామాన్యముగా ఒక చిప్పుపై లెక్కచేయు అంగ మొక్కటియే యుండెడిది. దానికి కోరు అని పేరు. 2001వ సంవత్సరమున ఐ.బి.యం. వారు పవర్ 4 అను ప్రాసెసరునందు రెండు కోరుల నొకే చిప్పుపై నమర్చిరి. నేడు చేతి ఫోనునందే పెక్కు కోరులు గలవు. వాని నన్నిటిని ఒక్కపనికి నియోగించుటయే సమాంతర ప్రోగ్రామింగు. అట్లయిన పది కోరులున్నచో వేగము పదింతలగునా?

కాదని 1967లో జీన్ ఆమ్డాల్ గారు వాదించిరి. ఒక పనికి 100 నిమిషములు పట్టుననుకొందము. అందు 10 నిమిషముల భాగము పంచుకొనుటకు వీలులేనిది. తక్కిన 90 నిమిషముల పనిని పది కోరులు పంచుకొన్నచో 9 నిమిషములగును. మొత్తము 19 నిమిషములు. వేగము ఐదింతలకు కొంచెము మించినదంతే. కోరులు వేయియైనను ఆ 10 నిమిషములు తగ్గవు గనుక పదింతల వేగ మెన్నటికిని దాటదు. 1988లో జాన్ గస్టాఫ్‌సన్ గారు మరియొక పక్షమును చూపిరి: యంత్రము పెద్దదైనకొలది జనులు పెద్ద లెక్కలనే చేయుదురు, అప్పుడు పంచుకొనరాని భాగము స్వల్పమగును. కావున పరీక్షలో లెక్క యొక్క పరిమాణము నిజమైన వాడుకకు తగియుండవలెను.

మరియొక చిక్కు గలదు. ఒకే బావికడ నూర్గురు చేరినచో, ఎంత బలవంతులైనను తమవంతు వచ్చువరకు నిలువవలసినదే. కోరులును అట్లే జ్ఞాపకశాల నుండి అంకెలు వచ్చువరకు వేచియుండును. జపానుదేశపు ఫుగాకు అను మహాయంత్రము 2020 నవంబరున లిన్‌ప్యాక్ అను పరీక్షయందు సుమారు 442 పెటాఫ్లాపుల వేగము చూపెను. పెటాఫ్లాపు అనగా సెకనునకు పది కోటికోట్ల లెక్కలు. తెచ్చిన యంకెలనే పలుమారులు వాడుకొను పరీక్ష యది. మాటిమాటికి అంకెలను తెచ్చుకొనవలసిన హెచ్.పి.సి.జి. అను పరీక్షయం దదేయంత్రము 16 పెటాఫ్లాపులు మాత్రమే చూపెను. అనగా నూటికి నాలుగుపాళ్లకు లోపు. ఈ రెండును సత్యములే. మన పని దేనిని పోలియున్నదో దానినే నమ్మవలెను.

ఈ యుద్దేశముతోనే 1991లో నాసా సంస్థవారు విమానముల చుట్టు గాలి ప్రవహించు లెక్కలనుండి పరీక్షలు కూర్చిరి. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు పార్సెక్ అను సంపుటమున చలనచిత్రములను కుదించుట, పోలిన బొమ్మలను వెదకుట మొదలగు నిత్యోపయోగ కార్యములను చేర్చిరి.

చూపరులను మోసగించు పండ్రెండు మార్గములను 1991లో డేవిడ్ బెయిలీ గారు హాస్యముగా వ్రాసిరి. అందు ముఖ్యమైనవి రెండు: ఒక చిన్నభాగపు వేగమును మొత్తము పని వేగమని చెప్పుట, తన క్రొత్తపనిని పాతయంత్రముపైని పాతప్రోగ్రాముతో పోల్చుట. కావున మొదటి యడుగునుండి కడపటి ఫలితమువరకు పట్టినకాలము నంతయు లెక్కింపవలెను. ఒంటికోరుపై మిక్కిలి చక్కగా వ్రాసిన ప్రోగ్రాముతోనే పోల్చవలెను.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. వాతావరణసూచనలను సిద్ధపరచునది ఇట్టి యంత్రములే. సులభపరీక్షలో గెలిచిన యంత్రమును కొని, తుపాను తీరము దాటిన మరునాడు సూచన వెలువడినచో జాలరుల కేమి మేలు? కల్లత్రాసు అంగడిలో నెట్టి దోషమో, కల్లపరీక్ష విద్యలోను అట్టిదే. విద్యార్థులారా, ఎవరైనను తమ యంత్రము వేయింతలు వేగముగలదని చెప్పినప్పుడు, ఏ పనిలో, దేనికంటె అని మొదట అడుగుడు.