నకలు గడియారము – అసలు నష్టము

మదనపల్లె టమోటా మార్కెట్టునకు వచ్చిన వ్యాపారి పెట్టెను పైనుండి మాత్రమే చూచి ధర చెప్పడు. అడుగున ఉన్న కాయను సైతము తీసి నొక్కి చూచి, పిమ్మటనే పాట పాడును. పుంగనూరు జాతి ఆవును కొనగోరువాడు దాని ఎత్తు, కొమ్ములు, నేలను తాకు తోకను చూచి గాని బేరమునకు దిగడు. నీరుగట్టువారిపల్లె నేతగాడు పట్టుచీర అంచును తిరగవేసి, అది చేమగ్గముపై నేసినదో మరమగ్గముపై నేసినదో చెప్పగలడు. వస్తువును చేతబట్టి పరీక్షించి కొనుట మన ప్రాంతమువారికి తరతరములుగా వచ్చిన విద్య. అట్టి మనవారే సెల్‌ఫోనులో బొమ్మను చూచి చేతిగడియారమును కొనునపుడు ఈ విద్యనంతయు ప్రక్కకు పెట్టుచున్నారు. ఈ విషయమున పంచాయతీ సభ్యులు తెలిసికొని, గ్రామస్థులకు తెలియజెప్పవలసిన సంగతులను ఈ పాఠములో వివరింపదలచితిమి.

నకలు గడియారమనగా నేమి?

చౌక గడియారము వేరు, నకలు గడియారము వేరు. ఒక కంపెనీ తన సొంత పేరుతో రెండు మూడు వందల రూపాయలకు గడియారమును అమ్మినచో అందులో తప్పు లేదు. దానిని ధరించుటలో చిన్నతనమును లేదు. ఇతరులు కష్టపడి సంపాదించుకొన్న పేరును, ముద్రను తన సరకుపై అచ్చువేసి అమ్మినపుడే అది నకలగును. అంగళ్ళలో దీనిని ‘ఫస్ట్ కాపీ’ యనియు, ‘డూప్లికేటు’ అనియు పిలుచుచున్నారు. స్విట్జర్లాండు దేశపు రోలెక్స్ గడియారము లక్షల రూపాయలు పలుకును. ఆ పేరుగల గడియారము రెండు వేలకు వచ్చునని ఎవరైన చెప్పినచో, అది నకలనుటకు వేరే సాక్ష్యము అక్కరలేదు.

ఇది విదేశపు పేర్లకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. హెచ్.ఎం.టి. సంస్థ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో బెంగుళూరున గడియారముల కర్మాగారమును స్థాపించెను. అచ్చట తయారైన ‘జనతా’ గడియారము, కీ ఇచ్చి నడుపుకొనునది, దేశమంతట పేరు పొందినది. పెండ్లిలో అల్లునికి హెచ్.ఎం.టి. వాచీ పెట్టుట అనేక కుటుంబములకు గౌరవముగా ఉండెను. 1984లో టాటా సంస్థ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటాన్ కంపెనీని నెలకొల్పినవి. దాని కర్మాగారము కుప్పమునకు దూరము కాని హోసూరులో వెలసినది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థ మూసివేతకు ఆమోదము తెలిపినది. కర్మాగారము మూతపడినను ఆ పేరుపై మక్కువ పోలేదు. ఆ మక్కువయే మోసగాండ్రకు పెట్టుబడి అయినది. పాత గడియారముల భాగములను కలిపి, ముఖపలకకు క్రొత్తగా రంగువేసి, ‘కర్మాగారము నుండి వచ్చిన అసలు సరకు’ అని ఆన్‌లైనులో అమ్మువారు ఉన్నారు. బాగుచేసిన పాత గడియారమును బాగుచేసినదని చెప్పి అమ్మినచో అది న్యాయమైన వ్యాపారమే. క్రొత్తదని చెప్పి అమ్ముట మోసము.

చౌకదనము ఎచ్చటనుండి వచ్చును?

నేటి సామాన్య గడియారములలో క్వార్ట్జ్ స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. ఆ కంపనములను లెక్కించి చిన్న సర్క్యూటు ముండ్లను నడుపును. ఈ యంత్రము నేడు మిక్కిలి చౌక. కావున నకలు గడియారము కూడ కొంతకాలము సరియైన వేళనే చూపవచ్చును. లోపము ఇతర స్థలములలో ఉండును. నీరు చొరకుండ ఉంచవలసిన రబ్బరు వలయము సరిగా ఉండదు. వెనుక బిళ్ళపై ‘నీటికి తట్టుకొనును’ అని చెక్కియున్నను, మడిలో దిగిన దినముననే అద్దములో ఆవిరి పట్టవచ్చును. పూత లేచిపోయిన చౌక లోహములో నికెల్ ఉన్నచో కొందరికి చర్మముపై దద్దురు లేచును. చెడినచో విడిభాగములు దొరకవు; వారంటీ కార్డు ఉన్నను దానిపై చిరునామా ఉండదు.

మోసము సాగు విధము

ఉదాహరణకు, ఒక యువకుడు ఫోనులో ప్రకటన చూచి, వాట్సాప్ ద్వారా మాటలాడి, 1,500 రూపాయలు ముందుగా పంపెననుకొందము. గడియారము రాకపోవచ్చును, వచ్చినను బొమ్మలో చూచినది కాకపోవచ్చును. నష్టము అంతటితో ఆగినచో కొంత మేలే. కొన్ని దినములకు ‘మీ డబ్బు తిరిగి ఇచ్చెదము’ అని ఒక ఫోను వచ్చును. క్యూఆర్ కోడు పంపి స్కాన్ చేయుమందురు, లేదా పిన్ నంబరు నొక్కుమందురు. ఇచ్చట ఒక సూత్రమును ప్రతి గ్రామస్థుడు కంఠస్థము చేయవలెను: డబ్బు పంపుటకే పిన్ కావలెను, డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. దీనిని మరచినవాడు 1,500 రూపాయలతో పాటు ఖాతాలోని మిగిలిన సొమ్మును కూడ పోగొట్టుకొనును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము తప్పుడు ముద్ర వేయుట, అట్టి సరకును అమ్ముట, అమ్మకమునకై నిలువ ఉంచుకొనుట నేరములు. వీనికి 6 నెలల నుండి 3 సంవత్సరముల వరకు జైలుశిక్ష, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఆన్‌లైనులో డజను నకలు వాచీలు తెప్పించి సంతలోనో, తిరునాళ్ళలోనో అమ్మదలచిన నిరుద్యోగ యువకునికి ఈ మాట ముందుగా చెప్పవలెను. అతడు దీనిని చిన్న వ్యాపారమని తలచును. చట్టము నేరమని తలచును.

అసలు వస్తువని నమ్మి కొన్నవానికి చట్టము అండగా ఉన్నది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారము నకిలీ సరకును గాని, ప్రకటనలో చెప్పిన గుణములు లేని సరకును గాని వెనుకకు తీసికొనుటకు అమ్మకందారు నిరాకరింపరాదు. ఆన్‌లైను సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. అతడు ఫిర్యాదు అందినదని 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. అటు న్యాయము జరుగనిచో, 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తాను నివసించు జిల్లా కమిషన్‌లోనే రెండు సంవత్సరముల లోపల ఫిర్యాదు చేయవచ్చును. వస్తువు ధర 5 లక్షల లోపు ఉన్నచో రుసుము లేదు. అయితే, నకలని తెలిసియే కొన్నవాడు ‘నాకు నకలు ఇచ్చినారు’ అని ఏ ముఖముతో ఫిర్యాదు చేయును? తక్కువ ధరకు ఆశపడినవాడు తన హక్కును తానే బలహీనపరచుకొనుచున్నాడు.

గ్రామస్థులకు చెప్పవలసినవి

1. అమ్మకందారు పేరు, పూర్తి చిరునామా, తయారైన దేశము, గరిష్ఠ ధర కనిపించనిచో కొనరాదు.

2. తెలియనివారికి ముందుగా డబ్బు పంపరాదు.

3. పార్సెలు విప్పునపుడు మొదటినుండి తుదివరకు వీడియో తీసి, బిల్లును భద్రపరచవలెను.

4. సరకు విషయమున ఫిర్యాదునకు 1915 నంబరుకు ఫోను చేయవలెను.

5. ఖాతానుండి సొమ్ము పోయినచో ఆలసింపక 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకునకు కూడ తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును మార్గమధ్యములో ఆపుటకు అంత అవకాశముండును.

పంచాయతీ సభ్యుల బాధ్యత

మోసపోయినవాడు సిగ్గుచేత ఇంటివారికి సైతము చెప్పడు. ఆ మౌనములోనే విలువైన గంటలు గడచిపోవును. కావున సభ్యులు అట్టివానిని అపహసింపక, ప్రక్కన కూర్చుండి ఆ ఫోను చేయించవలెను. పై రెండు నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట ఖర్చులేని పని.

ఇంకొక మాట. మరమగ్గపు చీరను చేమగ్గపు చీరయని అమ్మినపుడు మన నేతగాని కూలి పోవుచున్నది. దానిని అరికట్టుటకే 2006లో హ్యాండ్లూమ్ మార్కు వచ్చినది. మన చీరకు దొంగముద్ర పడినపుడు బాధపడు మనము, ఇతరుల గడియారముపై పడిన దొంగముద్రను చేతికి కట్టుకొని తిరుగుట న్యాయమా? ఈ ప్రశ్నను వచ్చు గ్రామసభలో చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.